పదకొండో నంబరు మూత

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరూ అంటారు. నేనూ కాదనను. కానీ నా చెయ్యి మంచిది. తీసుకున్న వస్తువును తీసుకున్నట్టే తిరిగివ్వడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అందుకే ఆ వేసవిలో 'ఈ హోవర్‌బోర్డు నా నిర్లక్ష్యం వల్ల పాడైనది' అని టైపు కొట్టిన కాగితాన్ని మా సూపర్‌వైజరు నా ముందుకు తోసి, పెన్ను చేతికిచ్చినప్పుడు, ఆ పెన్నుకు మూత పెట్టి మళ్ళీ ఆయన జేబుకే తగిలించాను.

నేను చేసేది పెద్ద షాపింగ్ కాంప్లెక్సులో సెక్యూరిటీ గార్డు ఉద్యోగం. వేసవి సెలవుల సేల్ మొదలయ్యే ముందు కంపెనీ వాళ్ళకు ఒక ఆలోచన పుట్టింది. ఆడగార్డులందరికీ తలా ఒక హోవర్‌బోర్డు ఇచ్చారు. రెండు చక్రాలు, వాటి మధ్య రెండు పాదాలు పట్టేంత పలక. ముందుకు వంగితే ముందుకు పోతుంది, వెనక్కి వాలితే ఆగుతుంది. గార్డులు గాల్లో తేలినట్టు తిరుగుతుంటే చూడటానికే జనం వస్తారట.

"ఇంతకీ మేం కాపలాకా సార్, కనువిందుకా?" అని అడిగాను.

"రెండూనమ్మా," అన్నాడు సూపర్‌వైజరు.

ఆయన మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతూ ఉంటుంది. దొంగను చూసి ఊదిన పాపాన పోలేదు గానీ, మేం ఇద్దరం కలిసి నిలబడి మాట్లాడుకుంటే మాత్రం ఊదుతాడు. ఆయన్ని మేం విజిల్ సార్ అంటాం, వెనకాల.

బోర్డు ఇంటికి తీసుకుపోవాలి, మన కరెంటుతోనే చార్జింగ్ పెట్టుకోవాలి, పొద్దున నిండుగా తీసుకురావాలి. అదీ షరతు. మొదటిరోజు దాన్ని చంకన పెట్టుకుని ఇంటికి వస్తే మా అత్త ఎగాదిగా చూసింది. నేను ప్యాంటు, బెల్టు వేసుకుని ఉద్యోగానికి పోవడమే ఆమెకు గిట్టదు. ఇప్పుడు ఇదొకటి. హోవర్‌బోర్డు అనే మాట ఆమెకు నోరు తిరగలేదు.

"చక్రాల పీటా? పీట మీద కూచుంటారు గానీ నిలబడి ఊరేగుతారా ఎవరైనా?" అంది.

"జీతం ఇస్తే బోర్లా పడుకునైనా ఊరేగుతా అత్తయ్యా," అన్నాను.

సేల్ ప్రారంభానికి పైఆఫీసు నుంచి పెద్దావిడ వస్తోందన్న రోజు పొద్దున విజిల్ సార్ మమ్మల్ని వరసలో నిలబెట్టి తనిఖీ చేశాడు. ప్రతి బోర్డుకూ పక్కన చార్జింగ్ పెట్టే రంధ్రం ఉంటుంది. దానికొక రబ్బరు మూత, ఆ మూత ఊడి పడిపోకుండా చిన్న రబ్బరు తోక. మూతలు సరిగా నొక్కనివాళ్ళవి బయటకు వేలాడుతున్నాయి.

"ఏంటిది, ఎలక తోకల్లా? ఫొటోల్లో ఎంత అసహ్యంగా పడతాయి!" అని కత్తెర తెప్పించి, నొక్కినవీ నొక్కనివీ అన్నిటికీ తోకలు కత్తిరించి మూతలు చెత్తబుట్టలో వేయించాడు. ఆ మూతల మీద తెల్లరంగుతో నంబర్లు వేసింది కూడా ఆయనే. నాది పదకొండు. మా ఇంట్లో మా అత్త ఇనప స్టూలుకు ఒక కాలు పొట్టి. ఆమె కూర్చున్నప్పుడల్లా టక్కుటక్కుమంటుంది. చెత్తబుట్టలోంచి నా మూత తీసి జేబులో వేసుకున్నాను. ఇంటికి తెచ్చిస్తే అది చూసి మా అత్త మొదటిసారి నా ఉద్యోగం వల్ల ఏదో ఉపయోగం ఉందన్నట్టు తలాడించింది. చెప్పులు అతికించే జిగురు పూసి, కాలికి తొడిగి, పైన తీగ చుట్టి బిగించింది. స్టూలు కుంటడం మానేసింది.

సేల్ మొదలైంది. కాంప్లెక్సు నేల రోజూ పొద్దున్నే కడుగుతారు. ఆరేదాకా ఆగనివ్వడు విజిల్ సార్. తడినేల మీద మా నీడలు పడుతుంటే అద్దంలో ఉన్నట్టు ఉంటుందట. సరే, తిరిగాం. నిజం చెప్పొద్దూ, నాకు అది నచ్చింది. ఇన్నేళ్ళు మడమలు వాచేలా నడిచినదాన్ని, జారిపోతుంటే గాలి చెవులకు తగులుతుంటే ఎవరికి నచ్చదు?

సేల్ జోరు మీదున్న రోజుల్లో ఒక పొద్దున బోర్డు మీద బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. చార్జరు లైటు ఎర్రగా ఉంటే ఎక్కుతోందని, పచ్చగా మారితే నిండిందని మాకు చెప్పారు. చూస్తే పచ్చగానే ఉంది. ఇంకోసారి నొక్కాను. ఇంకో సాకెట్లో పెట్టాను. అప్పుడూ పచ్చే. బోర్డు మాత్రం రాయిలా పడి ఉంది. చేసేదేముంది, భుజాన వేసుకుని బస్సెక్కాను.

బేస్‌మెంట్‌లో కార్లు నిలిపే చోట మా హాజరు తీసుకుంటారు.

"పదకొండు, ఎక్కు," అన్నాడు విజిల్ సార్.

"ఎక్కితే కదలదు సార్. చార్జింగ్ తీసుకోవట్లేదు."

"పెట్టి ఉండవు."

"పెట్టాను సార్. పచ్చలైటు కూడా వచ్చింది."

"పచ్చలైటు వస్తే నిండినట్టేగా?"

"నిండితే నడవాలిగా?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ముఖం ముడుచుకుంది. బల్ల సొరుగులోంచి ఆ కాగితం తీశాడు. అప్పటికే అచ్చువేసి కట్టలు కట్టి పెట్టుకున్నట్టున్నాడు. తర్వాత పెన్ను సంగతి మీకు చెప్పాను.

"సంతకం పెడితే జీతంలో కొంత కోసుకుంటాం, ఇంకో బోర్డు ఇస్తాం. అంతటితో అయిపోతుంది. ఎందుకింత రాద్ధాంతం?"

"నేను పాడుచెయ్యలేదు సార్."

"నిప్పు లేనిదే పొగ రాదమ్మా."

"నిప్పు ఎవరు పెట్టారో కూడా చూడాలి కదా సార్."

"శనివారం దాకా చూస్తా. ఆలోపు సంతకం పెట్టు, లేకపోతే టోపీ, బెల్టు అప్పగించి ఇంటికి పో. అప్పటిదాకా నీకు నడక డ్యూటీ. పై నుంచి కింద దాకా."

"నడుస్తా సార్. నా కాళ్ళకి చార్జింగ్ అక్కర్లేదు."

జీతంలో కోత గురించి కాదు నా మంట. మాలో పొడుగుపిల్ల అని ఒకమ్మాయి ఉంది. నాకంటే జానెడు పొడుగు, నాలో సగం నోరు కూడా లేదు. ఆ పిల్ల బోర్డు నాకంటే ముందే చెడిపోయింది. భయపడి సంతకం పెట్టేసింది. ఇంకో బోర్డు ఇచ్చారు, నిజమే. కానీ ఆ రోజు నుంచీ ఆ కాంప్లెక్సులో ఎక్కడ ఏది చెడినా ఆ పిల్ల వైపే చూశారు. బొమ్మల కొట్టు అద్దం పగిలితే 'పొడుగుపిల్ల ఎక్కడుంది?' లిఫ్టు తలుపు ఇరుక్కుంటే 'పొడుగుపిల్ల ఎటు పోయింది?' కుళాయి కారినా ఆ పిల్లే. ఒకసారి ఒప్పుకున్నావంటే ఇక అన్నీ నీవే. నా మీద అలాంటి ముద్ర వేయించుకోవడానికి నేను సిద్ధంగా లేను.

సాయంత్రం ఇంటికి పోయి జరిగింది చెప్పాను. మా ఆయనది సెలూన్. రోజూ జుట్టు కత్తిరించే మిషన్లకు చార్జింగ్ పెడతాడు కాబట్టి కరెంటు శాస్త్రమంతా తనకే తెలుసని నమ్మకం.

"సంతకం పెట్టి పడెయ్యి, పీడా పోతుంది," అన్నాడు ముందు. నేను చూసిన చూపుకి మాట మార్చి, వాళ్ళమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు గానీ స్విచ్ ఆపావా?"

ఇక్కడ మా అత్త గురించి ఒక మాట చెప్పాలి. మా ఇంట్లో ఆమె ఆపని స్విచ్ లేదు. ఫ్యాను కింద మనిషున్నా సరే, కాసేపు కదలకపోతే ఆపేస్తుంది. పిండి మిక్సీలో సగం నలిగి ఉండగా ఆపేస్తుంది. మా ఆయన మిషన్లకు చార్జింగ్ పెట్టుకుంటే వాటినీ ఆపేసి, పొద్దున షాపులో సగం గడ్డంతో కూర్చున్న మనిషి దగ్గర ఆయన్ని నవ్వులపాలు చేసింది. అడిగితే 'ఎందుకు దండగ' అంటుంది. కాబట్టి మా ఆయన అడగడంలో తప్పేమీ లేదు.

"నేను ఆపలేదురా. దాన్ని ముట్టుకోవద్దని కోడలు చెప్పింది. ముట్టుకోలేదు," అంది.

"మర్చిపోయి ఆపి ఉంటావు."

"ఆపలేదన్నానా?"

"నీకేం గుర్తుంటుందిలే అమ్మా. నువ్వే ఆపి ఉంటావు."

అత్తయ్య మాట పడి ఊరుకోవడం నా కాపురంలో అదే మొదటిసారి చూడటం. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ స్విచ్ బోర్డు వైపు చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది. పొద్దున విజిల్ సార్ నన్నన్న మాటే కదా ఇది! 'పెట్టి ఉండవు', 'ఆపి ఉంటావు'. ఏం, మేం చెప్పేది మాట కాదా?

"ఏమయ్యా, ఆపలేదని చెబుతోంది కదా. ఆపలేదంతే! ఇంకొక్కసారి అన్నావంటే నీ మిషన్లన్నీ తీసుకెళ్ళి చెత్తలో పారేస్తా," అన్నాను.

మా ఆయన నోరు తెరిచినవాడు మూయలేదు. మేమిద్దరం ఒకే పక్కన నిలబడటం ఆయన పుట్టాక చూడలేదు. నిజానికి మేమూ చూడలేదు.

మా అత్త మాత్రం నా వైపు చూసి, "నీ వకాల్తా నాకేం అక్కర్లేదు. నా సంగతి నేను చూసుకుంటా," అంది. అని, ఇనప స్టూలు ఈడ్చుకొచ్చి స్విచ్ బోర్డు కింద వేసింది. బోర్డుకు చార్జరు తగిలించమంది. తగిలించాను. స్విచ్ వేయమంది. వేశాను. చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడు ఎవడు ఆపుతాడో, ఎవరు ఆపారంటారో చూస్తా," అంది.

మర్నాడు నేను డ్యూటీకి పోయి వచ్చేసరికి కూడా అక్కడే ఉంది. కూరగాయలు అక్కడే తరుక్కుంది. తిండి అక్కడే తిన్నది. పక్కింటావిడ పలకరించడానికి వస్తే ఆవిణ్ణీ స్విచ్ దగ్గరకు రానివ్వలేదట.

"రోజంతా పచ్చగానే ఉందే అమ్మాయ్. ఒక్క క్షణం ఎర్రబడితే ఒట్టు," అంది.

మా ఆయన తల గోక్కున్నాడు. "నా మిషను చార్జరు ఉంది చూడు, దానికి ఏమీ తగిలించకపోయినా పచ్చగానే వెలుగుతుంది. అంటే ఇది కూడా అంతేనేమో. నిండి పచ్చగా లేదు, బోర్డు తగిలించినట్టే దానికి తెలియట్లేదు."

"మరి నేను ఆపలేదని తేలిందా?" అంది మా అత్త.

"తేలిందమ్మా."

"అయితే ఆ మాట నోటితో చెప్పు."

"నువ్వు ఆపలేదమ్మా."

అయినా ఆమె లేవలేదు. అసలు సంగతి తేలేదాకా లేవనంది. పట్టిన పట్టు విడవడంలో మా ఇద్దరిలో ఎవరు ఎక్కువో ఆ వారం దాకా నాకు తెలీదు.

నడక డ్యూటీ కష్టమనుకున్నారేమో, కాళ్ళకి అదేం లెక్క కాదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, నా బాధంతా విజిల్ సార్ నవ్వుతో. నేను మెట్లు దిగి వస్తుంటే కింద నిలబడి, "ఏం పదకొండూ, బ్యాటరీ ఎంతుంది?" అని అందరికీ వినపడేలా అడిగేవాడు.

"మీ విజిల్ కంటే ఎక్కువే ఉంది సార్," అనేదాన్ని. అని, తర్వాత బాత్రూమ్‌లోకి పోయి ముఖం కడుక్కునేదాన్ని. ఉద్యోగం పోతే ఇల్లెలా నడుస్తుందో నాకు తెలీదా? తెలుసు. తెలిసే పెట్టనన్నాను.

భోజనాల వేళ బట్టలు మార్చుకునే గదిలో పొడుగుపిల్ల నా పక్కన చేరింది.

"అక్కా, నా చార్జరుతో ఒకసారి చూస్తావా?" అంది చిన్న గొంతుతో.

మర్నాడు నేను నా బోర్డూ చార్జరూ తీసుకుపోయాను. ఆ పిల్ల చార్జరు నా బోర్డుకు పెట్టాం. పచ్చ. నా చార్జరు ఆ పిల్ల బోర్డుకు పెట్టాం. ఎర్రగా వెలిగింది. నేను ఆ ఎర్రలైటును ఎంత ప్రేమగా చూశానో నా పెళ్ళిలో మా ఆయన్ని కూడా అలా చూసి ఉండను. చార్జరు తప్పు లేదు, ఇంటి కరెంటు తప్పు లేదు, అత్త తప్పు లేదు. ఏమున్నా ఆ బోర్డు రంధ్రంలోనే ఉంది.

"నాదీ ఇలాగే అయ్యుంటుందా అక్కా?" అంది.

"అయ్యుంటుంది కాదే. అయింది."

"మరి సంతకం పెట్టేశానే," అంది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు అన్నం సహించలేదు.

ఆ సాయంత్రం మా ఆయన సెలూన్ నుంచి టార్చి, సన్నబ్రష్ తెచ్చాడు. బోర్డును మంచం మీద బోర్లించి, రంధ్రంలోకి లైటు వేసి ఒక కన్ను మూసి చూశాడు. లోపల మూడు పిన్నులు ఉండాలి. రెండున్నాయి. మూడోదాని చోట చిలుము పట్టిన ముక్క ఉంది, పాత ఇత్తడి చెంబు అడుగున పట్టినట్టు. బ్రష్ తగిలించగానే పొడిపొడిగా రాలింది.

"తడి పోయింది లోపలికి. ఒకరోజు తడి కాదిది, రోజూ తడిసింది," అన్నాడు. "పైన విప్పి వైర్లు నేరుగా కలిపేస్తే..."

"ఇల్లు తగలబెడతావా? ముట్టుకోకు," అన్నాను.

"సరే. తడెలా పోయింది మరి? ఇలాంటివాటికి రబ్బరు మూతలుంటాయే?"

"ఉండేది. ఆయన కత్తిరించి..."

నా మాట ఆగిపోయింది. గోడ పక్కన స్విచ్ బోర్డు కింద స్టూలు మీద మా అత్త కూర్చుని ఉంది.

"అత్తయ్యా, ఒకసారి లే."

"ఎందుకు? ఇంకా తేలలేదుగా. నేను లేవను."

"తేలడానికే అత్తయ్యా. నువ్వు దాని మీదే కూచున్నావు."

లేచింది. స్టూలు తిరగేశాను. పొట్టికాలికి తీగ చుట్టి ఉంది రబ్బరు మూత. తెల్లరంగుతో పదకొండు. విజిల్ సార్ రాసే ఒకటి కిందకంటా ముక్కు వంచుకుని ఉంటుంది, అలాంటి ఒకట్లు రెండు. తోక తెగినచోట అంచు నున్నగా ఉంది. చిరిగితే, ఊడితే అలా ఉండదు, కత్తెర పడితేనే ఉంటుంది. మా ఆయన జేబులోంచి బ్లేడు తీసి మూత కింద దూర్చబోయాడు. మా అత్త ఆయన చేతి మీద ఒక్కటి వేసింది.

"చిరుగుతుందిరా! నేను పూసిన జిగురు ఊడి రాదు. చిరిగితే మేమే చింపామంటారు."

"మరెలా?"

ఆమె నేల మీద కూర్చుంది. తిరగేసిన స్టూలు కాళ్ళ మధ్య చూస్తూ, మామూలుగా, కూర గురించి మాట్లాడినట్టు మాట్లాడింది.

"నేను నూలుమిల్లులో చేసేటప్పుడు ఒక మోటారు కాలిపోయింది. నేను స్విచ్ ఆపకుండా ఇంటికి పోయానన్నారు. ఆపే పోయాను. నా చేత్తో ఆపాను, నాకు తెలుసు. అయినా కాగితం తెచ్చి వేలిముద్ర వెయ్యమన్నారు. వీడు చంకలో ఏడుస్తున్నాడు. వేసేశాను." బొటనవేలు ఒకసారి చీరకు తుడుచుకుంది. "తర్వాత ఆ మిల్లులో ఏది చెడినా నేనే."

మా ఆయన బ్లేడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఫ్యాను కింద మనుషులున్నా ఆమె స్విచ్ ఎందుకు ఆపుతుందో ఇన్నేళ్ళ కాపురంలో నాకు అప్పుడు తెలిసింది.

"నువ్వు మాత్రం సంతకం పెట్టావో, ఈ గడప తొక్కనివ్వను," అంది నాతో. "మూత ఊడదు కాబట్టి స్టూలే తీసుకుపోదాం. పద."

"ఇప్పుడు కాదమ్మా, శనివారం," అన్నాడు మా ఆయన. సంతకం పెట్టి పడెయ్యమన్నవాడే.

శనివారం పొద్దున బస్సులో నా ఒళ్ళో బోర్డు, ఆమె ఒళ్ళో స్టూలు. కండక్టరు చూసి, "సీట్లున్నాయి కదమ్మా, స్టూలెందుకు?" అన్నాడు.

"నాకు నా సీటే అలవాటు," అంది మా అత్త.

బేస్‌మెంట్‌లో అందరూ వరసలో ఉన్నారు. విజిల్ సార్ బల్ల ముందు కూర్చున్నాడు. కాగితం సిద్ధంగా పెట్టాడు, పెన్ను మూత కూడా తీసి ఉంచాడు.

"ఎవరీవిడ? లోపలికి ఎవరు రానిచ్చారు?"

"గార్డులు ఆపాలి సార్. ఆ గార్డులం మేమే," అన్నాను.

మా అత్త ఎవరి అనుమతీ అడగలేదు. తిన్నగా బల్ల దగ్గరకు పోయి, ఆ కాగితం మీదే స్టూలు తలకిందులుగా పెట్టింది. నాలుగు కాళ్ళూ పైకి లేచి ఉన్నాయి.

"ఏంటిది?"

"స్టూలు బాబూ."

"అది కనపడుతోంది."

"కాలు చూడు."

చూశాడు. చూసి ముక్కు వంచుకున్న ఒకట్లు తనవేనని గుర్తుపట్టాడు. ముఖం రంగు మారింది.

"ఇది... ఇది నేనేం కత్తిరించలేదు," అన్నాడు.

"కత్తిరించారని ఎవరన్నారు సార్?" అన్నాను.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి అప్పటికే మెడలో విజిల్ మీదకు పోయింది. వరసలో మొదట ఒకరు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఆయన విజిల్ గట్టిగా ఊదాడు. నవ్వు ఆగింది గానీ ఎవరూ కదల్లేదు.

నేను నా బోర్డు బల్ల మీద పెట్టి రంధ్రం చూపించాను. "రోజూ తడినేల మీద తిప్పారు. మూత మీరు తీసేశారు. పిన్ను చిలుము పట్టి రాలిపోయింది. ఇందులో నా నిర్లక్ష్యం ఎక్కడుందో చెప్పండి సార్, అక్కడ సంతకం పెడతా."

"ఆ ఒక్కరోజు ఫొటోల కోసం తీయమన్నాను. తర్వాత మీరు పెట్టుకోవాలి."

"కత్తిరించిన తోక మొలుస్తుందా సార్?"

అప్పుడు వరసలోంచి పొడుగుపిల్ల బయటకు వచ్చింది. ఆ పిల్లకిచ్చిన రెండో బోర్డుకూ మూత కత్తిరించే ఉంది. తన బోర్డును బోర్లించి నేల మీద పెట్టింది, రంధ్రం పైకి కనపడేలా. చిలుము అప్పుడే మొదలవుతోంది అందులో, అంచున పచ్చగా. దాని పక్కన ఇంకొకావిడ తన బోర్డు పెట్టింది. ఆ పక్కన ఇంకొకరు. చూస్తుండగానే కార్ల దారి అడ్డంగా బోర్డుల వరస ఏర్పడింది. వెనక నుంచి ఎవరిదో కారు హారన్ కొట్టి కొట్టి ఊరుకుంది.

విజిల్ సార్ లేచి, స్తంభం వెనక్కి పోయి ఫోన్‌లో మాట్లాడాడు. చాలాసేపు 'మేడమ్, మేడమ్' అన్నాడు. తిరిగి వచ్చేసరికి గొంతు మెత్తబడింది.

"సరే, కాగితాలూ అవీ ఏమీ వద్దు. అందరి బోర్డులకూ కొత్త మూతలు వేయిస్తారట. చెడిపోయినవి బాగుచేయిస్తారు. ఇక డ్యూటీలు ఎక్కండి."

నేను కదలబోతుంటే పొడుగుపిల్ల గొంతు వినిపించింది. అంత గట్టిగా ఆ పిల్ల మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"నా కాగితం సార్?"

"అది ఫైల్లోకి పోయిందమ్మా. వదిలెయ్."

"తీయండి సార్."

ఎవరమూ బోర్డులు ఎత్తలేదు. ఆయన మా వైపు, కార్ల వైపు చూసి, బీరువా తెరిచి ఆ కాగితం తెచ్చి ఇచ్చాడు. పొడుగుపిల్ల దాన్ని నాలుగు మడతలు పెట్టి టోపీ లోపల దోపుకుంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. విజిల్ సార్ మాత్రం ఊరికే ఓడిపోయే రకం కాదు. మా అత్త స్టూలు ఎత్తుకోబోతుంటే అడ్డం వచ్చాడు.

"ఆ మూత కంపెనీ వస్తువు పెద్దమ్మా. దాన్ని ఇక్కడ ఇచ్చి వెళ్ళాలి. అప్పగించినట్టు ఇక్కడ ఒక వేలిముద్ర వెయ్యి, చాలు." సొరుగులోంచి సిరా డబ్బా తీసి మూత తెరిచి ఆమె ముందు పెట్టాడు.

మా అత్త సిరా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపు ఆమే మాట్లాడింది.

"ఒకసారి వేశాను బాబూ. ఇక వెయ్యను."

స్టూలు దింపి, నేల మీద సరిగ్గా నిలబెట్టి, దాని మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూపించింది. "చూశావా, కుంటట్లేదు. నీ మూత నీకిస్తే మళ్ళీ కుంటుతుంది. ఇవ్వను." లేచి, స్టూలు చంకన పెట్టుకుని, కార్ల మధ్యలోంచి వెళ్ళిపోయింది. దారి పొడుగునా గార్డులే. ఒక్కరూ ఆపలేదు.

నా బోర్డు బాగై వచ్చిన సాయంత్రం చార్జరు తగిలిస్తే ఎర్రగా వెలిగింది. మా అత్త పక్కనుంచి పోతూ అలవాటుకొద్దీ స్విచ్ వైపు చెయ్యి చాచింది. మా ఆయన ఏదో అనబోయి నన్ను చూసి ఆగాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎర్రగా ఉందిగా, తాగనీ," అని వంటింట్లోకి పోయింది.

సేల్ అయిపోయాక కంపెనీ బోర్డులన్నీ వెనక్కి తీసుకుంది. 'మంచి స్థితిలో అప్పగించడమైనది' అని ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. నిలబడి మొత్తం చదివాను. వెనక వరసంతా గొణిగింది, విజిల్ సార్ గడియారం చూసుకున్నాడు. మళ్ళీ చదివాను. నిజమే రాసి ఉంది. పెట్టాను.

ఇంటికి వచ్చి ఫ్యాను కింద కూలబడ్డాను. మా అత్త స్టూలు మీద కూర్చుని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది.

"సంతకం పెట్టావా?" అంది.

"పెట్టాను."

"చదివావా?"

"రెండుసార్లు."

"ఊఁ," అంది. చిక్కుళ్ళ గిన్నె తీసుకుని వంటింట్లోకి పోతూ ఫ్యాను ఆపేసింది. నేను దాని కిందే ఉన్నాను, ఒళ్ళంతా చెమట. అరవడానికి నోరు తెరిచాను. తెరిచి, చేతిరుమాలుతో ముఖం తుడుచుకుని ఊరుకున్నాను.